పాపం అనే మాట

మా ఇంటి వసారా గోడమీద ఒక గీత ఉండేది. పదేళ్ళ పిల్లాడి నడుమంత ఎత్తున, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎవరో నూలుతాడు పట్టి కొట్టినట్టు తిన్నగా ఉండేది. 1977 నవంబరు 19, శనివారం సాయంత్రం మా ఊళ్ళోకి వచ్చిన సముద్రం ఎక్కడిదాకా నిలబడిందో ఆ గీత చెప్పేది. ఏటా సంక్రాంతికి నాన్న గోడలకు వెల్ల వేయించేవాడు. నెల తిరిగేసరికి గీత మళ్ళీ పైకి తేలేది. గోడలోకి దిగిన ఉప్పు సున్నాన్ని నిలవనిచ్చేది కాదు. పొక్కులుగా లేచి పెచ్చులూడేది. నేను ఒక పెచ్చు గోటితో గిల్లి నాలుక మీద వేసుకునేవాణ్ణి. ఎన్నేళ్ళు గడిచినా ఉప్పగానే ఉండేది.

మాది దివిసీమ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై, ఆ రెంటి మధ్య పరిచిన ఒండ్రునేల. మూడో వైపున బంగాళాఖాతం. అరచేతిలా చదునైన చోటు, ఎంత దూరం నడిచినా ఒక గుట్ట కనిపించదు. మా పిల్లలకు కొండ అంటే పుస్తకంలో బొమ్మే. కోడూరు వైపు, కాలువ గట్టు పక్కన మా ఊరు. సముద్రం ఆరేడు మైళ్ళు ఉంటుంది. గాలి బాగా ఉన్న రాత్రుల్లో తప్ప దాని హోరు మాదాకా వచ్చేది కాదు. సముద్రం కబుర్లు మాకు తెచ్చేది చేపలత్త.

ఆమె అసలు పేరు మా పిల్లలెవ్వరికీ తెలియదు. వారానికి రెండుసార్లు పల్లెపాలెం నుంచి నెత్తిన తట్టతో నడిచి వచ్చేది. ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, ఒక్కోసారి తడిగుడ్డ కింద పచ్చిచేపలు తెచ్చేది. డబ్బులిచ్చేవాళ్ళు తక్కువ. వడ్లు కొలిచి పోస్తే కొంగులో మూటగట్టుకుని పోయేది. చంకలో పాలు తాగే పిల్ల, వెనక ఏడేళ్ళ కొడుకు. వాడు నా కోసం జేబునిండా గవ్వలు తెచ్చేవాడు. నేను బలపం ముక్కలిచ్చేవాణ్ణి. వాడు బడికి వెళ్ళడు, బలపంతో ఏం చేస్తాడని అప్పట్లో నాకు తోచలేదు. తర్వాత ఎప్పుడో చేపలత్తే చెప్పింది, పడవ చెక్కల మీద చేపలు గీసేవాడట.

ఆ యేడు నాగుల చవితి వెళ్ళి నాలుగైదు రోజులే అయింది. చెరువుగట్టు మీది పుట్టలో అమ్మా నాయనమ్మా పాలు పోశారు, చలిమిడి, చిమ్మిలి పెట్టారు. నేను మిగిలిన దీపావళి టపాకాయలు కాల్చాను. చేలు పండి తలలు వంచాయి. కోతలకు ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చి గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. శుక్రవారం ముసురు పట్టింది. రేడియోలో తుపాను అన్నారు. మా ఊళ్ళో ఎవరూ పెద్దగా బెదరలేదు. తుపాన్లు మాకు కొత్త కాదు. గడ్డివాముల మీద తాళ్ళు బిగించారు, గొడ్లను ఇంటికి తోలుకొచ్చారు. ఉప్పెన అన్న మాట ఆ రెండు రోజుల్లో నేను ఎవరి నోటా వినలేదు.

శనివారం మధ్యాహ్నానికి తాటాకు కప్పులు గాల్లో తిరగడం మొదలైంది. కొబ్బరిచెట్లు నేలకు వంగి లేస్తున్నాయి, కొన్ని లేవడం మానేశాయి. మాది పెంకుటిల్లు. పెంకులు ఒక్కొక్కటే పేకముక్కల్లా లేచిపోతుంటే నాన్న మమ్మల్ని అటక ఎక్కించాడు. పొద్దు గుంకే వేళ దక్షిణం నుంచి ఒక చప్పుడు. అన్ని ఊళ్ళ వడ్ల మిల్లులూ ఒకేసారి తిరిగినట్టు. వీధి తలుపు తెరుచుకోలేదు, విరిగి లోపలికి వచ్చింది. దాని వెనక నల్లటి నీళ్ళు.

అటక మీద మేమే కాదు, మూల దూలానికి చుట్టుకుని ఒక తాచు కూడా ఉంది. నాన్న కర్ర కోసం చెయ్యి చాపాడు. నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, పాముకు దణ్ణం పెట్టింది. "నాగన్నా, నీ చోట నువ్వుండు, మా చోట మేముంటాం" అంది. రాత్రంతా అది కదల్లేదు. మేమూ కదల్లేదు. కింద చీకట్లో మా గేదె కాసేపు అరిచి ఊరుకుంది.

తెల్లవారేసరికి నీళ్ళు చాలా మటుకు తీశాయి. ఎండ వచ్చింది. అంత చక్కటి ఎండ ఆ ఏడాదిలో ఎప్పుడూ చూడలేదనిపించింది. పక్షి కూత లేదు. అటక దిగి వీధిలోకి వచ్చిన నాన్న మళ్ళీ లోపలికి వచ్చి నా కళ్ళు మూశాడు. అయినా ఆ వారం రోజుల్లో నేను చాలా చూశాను. తుమ్మకంపల్లో చిక్కుకున్న చీరలు చూశాను, చీరలు మాత్రమే కాదని కాసేపటికి తెలిసింది. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

చేపలత్త ఒక తాడిచెట్టుకు తన చీరకొంగుతో తనను కట్టుకుని బతికింది. మొగుడు, కొడుకు, చంటిపిల్ల, ముగ్గురూ పోయారు. పిల్లను నడుముకు కట్టుకునే ఎక్కిందట. నీటి ఒరవడికి ముడి జారింది. పది రోజుల తర్వాత మా ఇంటికి వచ్చింది. తట్ట లేదు. నడక వల్ల పోల్చుకున్నాం తప్ప ముఖం వల్ల కాదు. చేతుల లోపలివైపు తాడి మాను ఒరుసుకుపోయి చర్మం లేదు.

"భూమ్మీద నూకలున్నాయి కాబట్టి మిగిలాం" అనేవాళ్ళు మా ఊళ్ళో. పోయినవాళ్ళకు నూకలు చెల్లాయి. అంతటితో ఆగితే బాగుండేది. మనుషులు అంతటితో ఆగలేరు. ఎందుకు చెల్లాయో చెప్పుకోవాలి. రావిచెట్టు అరుగు మీద సాయంత్రాలు అదే మాట. కలియుగం నాలుగో పాదం అన్నాడొకాయన. బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారన్నాడు ఇంకొకాయన. కృష్ణమ్మ పొంగి బెజవాడ కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకే రోజు వస్తుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇది దానికి ముందు మెట్టేనన్నాడు. గంగమ్మకు జాతర సరిగ్గా జరగలేదు, ఆ తల్లి ఆగ్రహించిందన్నారు. ఇవన్నీ వింటూ అరుగు కింద గోళీలాడుతున్న నాకు ఒక మాట మాత్రం ముల్లులా దిగింది. మా చిన్నతాతయ్య అన్నది. "కార్తీకమాసంలో నీచు ముట్టుకునేవాళ్ళు. అందుకే ముందుగా వాళ్ళనే తుడిచిపెట్టింది."

చిన్నతాతయ్య చెడ్డమనిషి కాదు. ఇది గట్టిగా చెప్పాలి. తన గాదెలో తడవకుండా మిగిలిన వడ్లు దంపించి ఊరందరికీ గంజి కాయించింది ఆయనే. పాలెం నుంచి వచ్చినవాళ్ళకు కూడా పోయించాడు. అదే చేత్తో, అదే రోజుల్లో ఆ మాట కూడా అన్నాడు. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయో ఆలోచించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆయనకు భయం వేసింది. నీళ్ళు ఆయన ఇంటి మెట్ల దాకా వచ్చి ఆగాయి. ఎందుకు ఆగాయో తెలియకపోతే రేపు ఆగవు. 'వాళ్ళు తప్పు చేశారు, నేను చెయ్యలేదు' అనుకుంటే ఆ రాత్రికి నిద్రపడుతుంది.

ఆ మాట మా నాయనమ్మ చెవిన పడింది. ఆవిడ ఎప్పుడూ అరుగు దగ్గరకు వెళ్ళే మనిషి కాదు. ఆ పూట వెళ్ళింది. "ఏమయ్యా, పాలు తాగే పిల్ల ఏ నీచు తిన్నదయ్యా?" అంది. ఇంకేం అనలేదు. తల మీద కొంగు సర్దుకుని వచ్చేసింది. దారిలో నా చెయ్యి పట్టుకుని, నాతో కాదు, తనలో తనే, "అయ్యో పాపం, అయ్యో పాపం" అనుకుంటూ నడిచింది.

మన తెలుగులో ఈ మాట చిత్రమైనది. చేసిన తప్పును పాపం అంటాం. ఎదుటివాడి కష్టం చూసి గుండె కరిగినా పాపం అంటాం. 'వాళ్ళ పాపం పండింది' అన్నా అదే మాట, 'పాపం వాళ్ళు' అన్నా అదే మాట. ఉప్పెన తర్వాత మా ఊరు ఈ మాట దగ్గర రెండుగా చీలింది. మొదటి అర్థంలో పలికినవాళ్ళు కొందరు, రెండో అర్థంలో పలికినవాళ్ళు కొందరు. చాలామంది పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా పలికారు.

చేపలత్త మూడో రకంగా పలికింది. మా వసారాలో స్తంభానికి ఆనుకుని, "నా పాపమే పెద్దమ్మా" అంది. నాగుల చవితి నాడు పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే పుట్టకు వెళ్ళలేదట. ఎల్లుండి పోద్దాంలే అనుకుందట. తర్వాత మర్చిపోయిందట. పుట్టలో పాలు పొయ్యనందుకు నాగేంద్రుడికి కోపం వచ్చింది, అందుకే కడుపున పుట్టినవాళ్ళను తీసుకుపోయాడు. నాయనమ్మ ఆమె చేతులకు కొబ్బరినూనె రాస్తూ అంది, "నేను పోశాను గదే. నా గేదె చావలేదా? నా గోడ చూడు." చేపలత్త గోడ వంక చూసింది. గీత అప్పటికి ఇంకా తడిగానే ఉంది. "మీకు గేదె, నాకు పిల్లలు. ఎవరి తప్పుకు తగ్గట్టు వాళ్ళకు" అంది.

అరుగు మీది మాటల మీద నాకు ఇప్పటికీ కోపమే. చేపలత్త మాట మీద కోపం రాదు, దిగులు వస్తుంది. పోయినవాళ్ళ తల్లులు చాలామంది ఇలాగే తమ తప్పులు వెదుక్కున్నారు. ఒకామె ఆ పొద్దున కొడుకును కొట్టిందట. ఒకామె మొక్కుకున్న కోడిని అమ్ముకుందట. వాళ్ళ తప్పు ఉందంటేనే ఆ చావుకు ఒక కారణం ఉన్నట్టు. లేకపోతే ఏ కారణమూ లేకుండా, ఏ సాయంత్రమైనా, సముద్రం లేచి వచ్చి బిడ్డను పట్టుకుపోగలదు. అలాంటి ఒడ్డున తెల్లారి మళ్ళీ వల వెయ్యడం ఎవరి తరం? నేరం నెత్తిన వేసుకోవడమే వాళ్ళకు తేలికైంది. ఆ బరువు దించడానికి మా ఊళ్ళో నాయనమ్మ తప్ప ఎవరూ ప్రయత్నించలేదు.

నాకు ఇంకో చిక్కు ఉండేది. మాఘ పౌర్ణమికి మేమంతా హంసలదీవి వెళ్ళేవాళ్ళం. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. సంగమంలో మునిగి, వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, పులిహోర తిని వచ్చేవాళ్ళం. ఆ ఊరి పేరు వెనక ఒక కథ ఉంది. గంగమ్మ తనలో మునిగినవాళ్ళ పాపాలన్నీ మోసి మోసి కాకిలా నల్లబడిందట. తీర్థాలన్నీ తిరుగుతూ మునుగుతూ పోతే, ఇక్కడ మునిగినప్పుడు తెల్లటి హంస అయిందట. లోకం పాపాలన్నీ కడిగే గంగ పాపాన్నే కడిగిన నీళ్ళు మావి. అలాంటి నీళ్ళు మా మీదికి శిక్షగా ఎందుకు వస్తాయి? ఆ నీళ్ళను రోజూ తొక్కుతూ బతికే పల్లెవాళ్ళకు పాపం ఎక్కడ అంటుకుంటుంది? ఆ మాఘమాసం మేము వెళ్ళలేదు. నేను అడిగిన ప్రశ్నకు అమ్మ జవాబు చెప్పలేదు, నెత్తిన మొట్టికాయ వేసింది. ఆ దెబ్బలో కూడా కోపం లేదు.

జవాబు బడిలో దొరికింది. కప్పు ఎగిరిపోయిన బడి, నెల తర్వాత తెరిచారు. మా లెక్కల మాస్టారు ఇంటి నుంచి ఒక ఇత్తడి పళ్ళెం, ఒక బిందె, ఒక విసనకర్ర తెచ్చారు. బిందెలో నీళ్ళు నింపి విసరమన్నారు. నీళ్ళు కొద్దిగా వణికాయి, అంతే. పళ్ళెంలో అంగుళం మందాన నీళ్ళు పోసి ఒక పక్క నుంచి గట్టిగా విసరమన్నారు. నీళ్ళన్నీ అవతలి అంచుకు పోగై, అంచు దాటి బల్ల మీద పడ్డాయి. "మన తీరం దగ్గర సముద్రం పళ్ళెం. లోతు లేదు. గాలి తోసిన నీళ్ళకు కిందికి దిగి వెనక్కి పోయే దారి లేదు. అందుకే ఒడ్డెక్కాయి" అన్నారు.

బోర్డు మీద సుడి గీసి చూపించారు. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. సుడి కన్ను మనకు పడమటగా, చీరాల, నిజాంపట్నం దిక్కున ఒడ్డు దాటింది. అలా దాటితే మనం దాని కుడిచేతి వైపున ఉంటాం. అటువైపు గాలి సముద్రం మీంచి నేల మీదికి తోస్తుంది. అదే కన్ను మనకు తూర్పున దాటి ఉంటే మన గాలి నేల నుంచి సముద్రం మీదికి వీచేది, నీళ్ళు ఇంతలా ఎక్కేవి కావు. చివరికి లేచిన నీళ్ళ గోడ సుమారు 5 మీటర్లు. మా నేల ఎత్తు సముద్రానికి మీటరో రెండు మీటర్లో. ఇక ఏ దేవుడు ఏ కోపంతో తొయ్యాలి?

బందరు సంగతి కూడా ఆ రోజే చెప్పారు. మాకు పక్కనే ఉన్న బందరును 1864 నవంబరు 1న ఇలాగే ఉప్పెన ముంచింది. సుమారు 30,000 మంది పోయారు. అంతకుముందు 1789లో గోదావరి ముఖాన కోరంగిని ముంచింది. ఇదే తీరం, ఇదే పళ్ళెం. 'అప్పుడు పాపం ఎవరిది?' అని మాస్టారు అడగలేదు. లెక్కల మనిషి. అంకెలు రాసి ఊరుకున్నారు.

మా ఉప్పెనలో ప్రభుత్వం లెక్క 10,000 అటూ ఇటూ. మా వైపు ఎవరూ ఆ లెక్కను నమ్మలేదు. కోతలకు వచ్చిన కూలీల పేర్లు ఏ ఊరి పుస్తకంలోనూ లేవు. శిక్ష పడిందని చెప్పినవాళ్ళు శిక్ష పడినవాళ్ళ పేర్లయినా చెప్పలేకపోయారు.

ఆ రోజుల్లో వచ్చిన మనుషుల్ని కూడా తలుచుకోవాలి. మండలి వెంకటకృష్ణారావు గారు బురదలో ఊరూరూ తిరిగారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో విరాళాలు అడిగారు. మదర్ థెరిసా వచ్చారు. వీళ్ళ పేర్లు అందరికీ తెలుసు. నాకు ఎక్కువగా గుర్తున్నది భాష కూడా తెలియని కుర్రాళ్ళు, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, తుమ్మకంపల్లోంచి దేహాలను తీసి పేర్చి దహనం చేసినవాళ్ళు. ఏది ఎవరి శవమో, ఏ కులమో వాళ్ళు అడగలేదు. మధ్యలో ఒకడు గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, మళ్ళీ లేచి వెళ్ళాడు. నాయనమ్మ చెంబుతో మజ్జిగ పట్టుకెళ్ళింది. వాడికి మజ్జిగ ఇస్తూ ఆవిడ అన్నదీ అదే మాట, పాపం.

కాలేజీలో చదువుతున్నప్పుడు గాంధీగారి మాట ఒకటి చదివి నేను రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. గాంధీగారు అప్పుడు హరిజన యాత్రలో ఉన్నారు. అంతకు కొద్ది రోజుల ముందే మన ఆంధ్ర జిల్లాలు తిరిగి, దక్షిణానికి దిగారు. తిరునల్వేలి సభలో ఆయన, ఈ భూకంపం అస్పృశ్యత అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ నొచ్చుకున్నారు. ఆయనా అస్పృశ్యతను అసహ్యించుకున్నవాడే. ప్రకృతి ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణాలుంటాయని, వాటిని మన నీతికి ముడిపెడితే ప్రజల్లో ఉన్న అవివేకానికి బలం చేకూర్చినట్టవుతుందని రాశారు. గాంధీగారు ఫిబ్రవరిలో ఆ ఉత్తరాన్ని తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, పక్కన తన జవాబు వేసుకున్నారు. తన నమ్మకం వదలలేదు.

గాంధీగారంటే మా ఇంట్లో దేవుడు. ఆయన చెప్పిందీ మా చిన్నతాతయ్య చెప్పిందీ ఒకటి కాదని నాకు తెలుసు. ఆయన వేలు బాధితుల వైపు చూపలేదు, అంటరానితనం పాటిస్తున్న అందరి వైపూ, తన వైపు కూడా తిప్పుకున్నారు. 'వాళ్ళ పాపం' అనలేదు, 'మన పాపం' అన్నారు. అయినా నేను ఠాగూర్ పక్షమే. ఎందుకంటే ఆ దేవుడి శిక్ష పడింది మళ్ళీ ఎవరి మీద? ముంగేరులో ఇళ్ళ కింద నలిగినవాళ్ళలో ఎవరి వల్ల ఎవరు బాధపడ్డారో భూమి చూసుకుందా? మంచి పనికి వాడుకున్నా ఆ మాట మంచిది కాలేదు. ఈ రోజు అంటరానితనం మీద తిప్పిన కత్తిని రేపు ఎవడైనా ఎవడి మీదికైనా తిప్పుతాడు. తిప్పుతూనే ఉన్నారు. 2018లో కేరళను వరదలు ముంచితే, శబరిమలకు ఆడవాళ్ళను రానిస్తామన్నందుకే అని ఒకరు, గొడ్డుమాంసం తిన్నందుకే అని ఒకరు అన్నారు. ఎవరికి ఎవరి మీద కోపముంటే దేవుడికీ వాళ్ళ మీదే కోపం వస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు మా బంధువుల ఫోన్లలో మళ్ళీ కనకదుర్గమ్మ ముక్కుపుడక కదిలింది. అదే రోజుల్లో బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గట్టు తెగిన బుడమేరు. గట్టు సంగతి మాట్లాడుకోవాల్సిన నోళ్ళు ముక్కుపుడక సంగతి మాట్లాడాయి.

నాకు దేవుడి మీద అలక లేదు. నేటికీ వేణుగోపాలస్వామికి దణ్ణం పెడతాను. ఆయన చంటిపిల్లను కొంగుముడి విప్పి తీసుకుపోయేవాడని మాత్రం నమ్మను. నమ్మితే దణ్ణం పెట్టలేను.

1990 మే నెలలో మళ్ళీ వచ్చింది. అదే తీరం, కృష్ణ సముద్రంలో కలిసే ముఖాన్నే ఒడ్డు దాటింది. 77 నాటి దానికి తీసిపోని తుపాను. ఈసారి ముందుగానే హెచ్చరికలు వచ్చాయి. మైకులు పెట్టుకుని జీపులు పాలేలన్నీ తిరిగాయి, లారీలు వచ్చాయి, ఎక్కనన్నవాళ్ళను బతిమాలి, కసిరి ఎక్కించారు. అప్పుడు నాకు 23 ఏళ్ళు. అవనిగడ్డ వైపు ఒక మేడ బడిలో జనాన్ని దించుతుంటే సాయంగా వెళ్ళాను. రెండో లారీలోంచి చేపలత్త దిగింది. తల సగం నెరిసింది. ఉప్పెనలో అనాథ అయిన ఒక పిల్లను తెచ్చి పెంచుకుంది, ఆ పిల్ల చెయ్యి వదలకుండా దిగింది. పాలెంలో మొండికేసిన ముసలాళ్ళందర్నీ ఇంటింటికీ వెళ్ళి లారీ ఎక్కించింది ఆమేనని డ్రైవరు చెప్పాడు.

ఆ రాత్రి కరెంటు లేదు. మేడ మీది గదిలో ఒకటే లాంతరు, కిటికీ రెక్కలకు తాళ్ళు కట్టాం, గాలి వాటిని గుంజుతోంది. నాయనమ్మ పోయిందని చెప్పాను. కాసేపు ఏడ్చింది. "ఇప్పటికీ చవితి నాడు రెండుసార్లు పాలు పోస్తా బాబూ. ఒకటి ఆ ఏటిది" అంది. పదమూడేళ్ళు. నాకు తట్టుకోలేక అన్నం పళ్ళెం ఒకటి కడిగి, చెంబులో నీళ్ళు వంపి, ఎవరిదో విసనకర్ర తీసుకున్నాను. మాస్టారు చూపించినట్టే చూపించాను. పళ్ళెం అవతలి అంచున నీళ్ళు పోగవడం, పొంగి చాప మీద పడడం లాంతరు వెలుగులో ఆమె వంగి చూసింది. చీరాల ఎక్కడ, మనం ఎక్కడ, గాలి ఎటు తిరుగుతుంది, అన్నీ వేలితో నేల మీద గీసి చెప్పాను. "నువ్వు పాలు పోసినా పొయ్యకపోయినా ఆ నీళ్ళు వచ్చేవే అత్తా" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. చాప మీద తడిసిన చోట అరచెయ్యి పెట్టి ఉంచింది. ఆ చేతి లోపలివైపు చర్మం ఇంకా నున్నగా, మెరుస్తూ ఉంది.

"ఈ గాలి సంగతి ఆనాడు తెలిసినోళ్ళు ఉన్నారా బాబూ?" అంది.

"ఉన్నారు. తుపానని రేడియోలో చెప్పారు."

"రేడియో మా పాలెంలో ఎవరింట్లో ఉంది?"

నేను ఊరుకున్నాను.

"ఇయ్యాల లారీలు పెట్టారు గదా," అంది, గొంతు పెంచకుండా, నిద్రపోతున్న పిల్ల మీద కొంగు కప్పుతూ. "ఆనాడు లారీలు లేవా?"

జవాబు కోసం ఆమె నా ముఖంలోకే చూస్తోంది. కిటికీ రెక్క ఒకటి తాడు తెంపుకుని కొట్టుకోవడం మొదలైంది. ఇద్దరం లేచి దాన్ని పట్టుకున్నాం.